ఎడీజా సరస్సు దగ్గర దోమలు

కొన్ని ఫొటోల విషయంలో మనం తొందరపడి తీర్పు చెప్పేస్తాం. అలా చెప్పి నేను నాలిక్కరుచుకున్న ఫొటో ఒకటుంది.

పగుళ్లుబారిన రాతి గోడకి జేరబడి ఒకమ్మాయి కూచుని వుంటుంది. తలచుట్టూ గుడ్డ బిగించి కట్టుకుంది. మోకాళ్లు పైకి ముడిచి, ఎడంగా పెట్టి, చేతులు మధ్యకి వేలాడేసి, సూటిగా మనకేసి చూస్తూంటుంది. కాళ్లకి పొడుగు బూట్లు. నవ్వు లేదు, సిగ్గూ లేదు. మొదటిసారి చూసినప్పుడు "అబ్బో, ఎంత పొగరు!" అనుకున్నాను. మా అమ్మే వుంటే "ముందా కాళ్లు దగ్గరగా పెట్టుకోమనవే" అనేది. నాకు పొగరు కనిపించినచోట పండితులకి శృంగారం కనిపించింది. తీరా ఆ అమ్మాయే పెద్దావిడ అయ్యాక చెప్పిన సంగతి ఏమిటంటే, కొండెక్కి ఎక్కి ఒళ్లు హూనమై కూలబడిందట. దోమలు పీక్కుతింటూంటే తలకి గుడ్డ చుట్టుకుందట. అంతే!

ఆవిడ పేరు కారిస్ విల్సన్. ఫొటో తీసినవాడు ఎడ్వర్డ్ వెస్టన్. చోటు కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల మధ్య ఎడీజా అనే సరస్సు. సంవత్సరం 1937. అప్పటికి ఆయనకి 51 ఏళ్లు, ఆవిడకి 23. పెళ్లి 1939లోగాని చేసుకోలేదు. ఆ సంగతి మీద ఎవరికి ఏ అభిప్రాయం వున్నా వుండనివ్వండి, ఇప్పుడు మనకి కావలసింది వాళ్ల ప్రయాణం. ఆ ప్రయాణంలోంచి 1940లో "కాలిఫోర్నియా అండ్ ది వెస్ట్" అనే పుస్తకం వచ్చింది. 96 ఫొటోలు ఆయనవి, మాటలు ఆవిడవి.

ప్రకృతి దృశ్యాల ఫొటోలంటే మనకి కేలెండరు బొమ్మలే గుర్తొస్తాయి. వెస్టన్ ఫొటోలు అలాటివి కావు. కెమెరా పెద్ద పెట్టె. మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, అద్దం మీద తలకిందులుగా కనిపించే బొమ్మని సరిచూసుకోవాలి. ఒక్కొక్క నెగటివు 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడుగు. దాన్ని పెద్దది చెయ్యడం వుండదు. కాగితం మీద పరిచి అంతే సైజులో అచ్చు తియ్యడమే. అంచేత రాతి గరుకు రాతి గరుకులాగే, ఇసక రేణువు ఇసక రేణువులాగే కనిపిస్తాయి. వేలితో తడిమి చూడాలనిపిస్తుంది. ఓషియానో దగ్గర సముద్రపు ఒడ్డున ఆయన తీసిన ఇసకతిన్నెలు చూస్తే, ఎవరో పట్టుచీర కుచ్చిళ్లు విప్పి నేలమీద పరిచినట్టుంటాయి. సగం నీడ, సగం వెలుగు. ఎక్కడా మనిషి అడుగు లేదు.

ఆ అడుగు లేకపోవడం దగ్గరే నాకు పేచీ వచ్చింది.

ఓషియానో ఫొటోలు 1936 నాటివి. అదే ఏడు, అక్కడికి కాస్త దూరంలోనే, నిపోమో దగ్గర బఠాణీ కోతలకి వచ్చి చిక్కుపడిపోయిన కూలీల మధ్య డోరొతియా లాంగ్ అనే ఆవిడ ఒక ఫొటో తీసింది. చంకలో పసిబిడ్డ, రెండు భుజాల మీదా మొహాలు దాచుకున్న పిల్లలు, గడ్డం కింద చెయ్యి ఆన్చుకుని ఎటో చూస్తున్న తల్లి. ఆ ఫొటో ఎరగనివాళ్లు అరుదు. ఒకే తీరం, ఒకే ఏడు. ఒకరికి ఆకలి కనిపించింది, ఇంకొకరికి ఇసక కనిపించింది. ప్రపంచం కూలిపోతూంటే వీళ్లు రాళ్లూ చెట్లూ తీసుకుంటూ కూచున్నారని ఫ్రాన్సు ఫొటోగ్రాఫరు కార్టియే-బ్రెస్సాఁ ఎత్తిపొడిచాడంటారు. ఆ మాట విన్నాక చాలా రోజులు నాకు వెస్టన్ ఫొటోల వైపు మనసు పోలేదు. అందంగా వుంటే మట్టుకేం, అని.

కారిస్ రాసింది చదివాకగాని ఆ అలక తీరలేదు.

అసలు ఆ ప్రయాణం ఎలా మొదలైందో వినండి. గుగ్గెన్‌హైమ్ ఫౌండేషన్‌వారు ఏటా కళాకారులకీ పండితులకీ ఫెలోషిప్పులు ఇస్తారు. వెస్టన్ రెండంటే రెండు వాక్యాల్లో అర్జీ రాసి, 35 ఫొటోలు జతచేసి పంపించాడు. ఇంత పొట్టి అర్జీని ఎవరు పట్టించుకుంటారని హెచ్చరించింది ఎవరనుకున్నారు? ఆ డోరొతియా లాంగే, ఆవిడ భర్తానూ! అప్పుడు కారిస్ కూచుని నాలుగు పేజీల అర్జీ రాసిపెట్టింది. కింద సంతకం మాత్రం ఆయనదే. 1937లో ఫెలోషిప్పు వచ్చింది, 2,000 డాలర్లు. ఒక ఫొటోగ్రాఫరుకి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. దానికి తోడు మోటారుక్లబ్బు పత్రిక "వెస్ట్‌వేస్"వారు ఫొటోలకి నెలకి 50 డాలర్లు, వాటికింద కారిస్ రాసే మాటలకి 15 డాలర్లు ఇస్తామన్నారు. యాభైకీ పదిహేనుకీ మధ్య లెక్క మీరే వేసుకోండి.

ఫోర్డు కారు కొన్నారు. దానికి హైమీ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. వెస్టన్‌కి కారు నడపడం రాదు. మొదటి ఏడాదిలో పదిహేడుసార్లు బయల్దేరి, 16,697 మైళ్లు తిరిగారు. అంటే సుమారు 27 వేల కిలోమీటర్లు. అంతదూరమూ స్టీరింగు దగ్గర కూచున్నది కారిస్సే. మైళ్ల లెక్క రాసిపెట్టిందీ ఆవిడే. డెత్ వ్యాలీ ఎడారి, సముద్రపు గట్లు, మంచుకొండలు, ఎండనిబట్టీ పొగమంచునిబట్టీ ఇవాళ అటు, రేపు ఇటు. టెంటులో కొన్నాళ్లు, స్నేహితుల ఇళ్లల్లో కొన్నాళ్లు. ఆయన చూస్తూ కూచోడం, "ఆపు" అనగానే ఆవిడ ఆపడం. ఆ ఏడాదిలో వచ్చిన నెగటివులు 1,260.

ఇక్కడ ఒక పిట్టకథ. మా మేనకోడలు మొన్న స్నేహితురాళ్లతో వైజాగులో కాఫీ తాగుదామని బయల్దేరి, భీమిలి చూసి, అక్కణ్ణించి అరకు ఎక్కేసింది. సెల్‌ఫోన్లో రెండు రోజుల్లో వెయ్యి ఫొటోలు. సముద్రం, ఎర్రమట్టి దిబ్బలు, అనంతగిరి మబ్బులు, అన్నీ చక్కగానే వున్నాయి. చూసి "బాగున్నాయే" అన్నాను. అప్పుడు మొదలుపెట్టింది. ఘాట్‌రోడ్డు మీద మంచు కమ్మేస్తే చేతులు వణికాయట, బస్సువాడు వెనక హారను కొడుతూనే వున్నాడట, ఒక గిరిజన ముసలమ్మ టీ ఇచ్చి డబ్బు వద్దందట. గంటసేపు చెప్పింది. "మరిదంతా ఫొటోల్లో ఏదే?" అన్నాను. "అదెలా వస్తుందత్తా?" అంది.

రాదు. వెస్టన్ ఫొటోల్లోనూ రాలేదు. కారిస్ మాటల్లో వచ్చింది. ఎడీజాకి వాళ్లని తీసుకెళ్లినవాడు ఏన్సెల్ ఆడమ్స్, ఆయనా మహా ఫొటోగ్రాఫరే. కొండలు దిగి యోసెమిటీలో ఆడమ్స్ ఇంటికి చేరిన రాత్రే ఆయన డార్క్‌రూముకి నిప్పంటుకుంది. ఎన్నో నెగటివులు పాడైపోయాయి. వెస్టన్ కొండల ఫొటోల్లో ఈ మంట వాసనే తగలదు. దోమలూ లేవు, చలీ లేదు, అలుపూ లేదు. ఒక్క కారిస్ మొహంలో తప్ప!

అలాగని ఆయన మనుషుల్ని బొత్తిగా చూడలేదనుకుంటే అదీ పొరపాటే. కొలరాడో ఎడారిలో వాళ్లకి ఒక మనిషి చచ్చిపడి కనిపించాడు. ఆ ఆర్థికమాంద్యం రోజుల్లో ఊరూరూ తిరిగే దిక్కులేనివాడు. వెస్టన్ కెమెరా దింపి ఆ మొహం తీశాడు. ఆ ఫొటోలో చావు తాలూకు భయం లేదు. నిద్రపోతున్న మనిషిలా, రాయంత నిశ్శబ్దంగా వుంటుంది. ఇసకని ఎంత శ్రద్ధగా చూశాడో ఆ మొహాన్నీ అంతే శ్రద్ధగా చూశాడు. దీన్ని గౌరవం అనాలా, మనసులేకపోవడం అనాలా అని చాలాసేపు తటపటాయించాను. ఆ రోజు ఏం జరిగిందో కారిస్ రాసింది చదివాక, గౌరవమే అనుకున్నాను. అయితే ఆ నమ్మకం ఫొటో ఇచ్చింది కాదు, పక్కనున్న మాటలు ఇచ్చింది. ఇంకొకటి మొహావీ ఎడారిలోది. కనుచూపుమేర ఏమీ లేని చోట కాఫీకప్పు ఆకారంలో ఒక బోర్డు, "వేడి కాఫీ" అని. దాన్ని చూసి నవ్వకుండా వుండలేం. అంత గంభీరుడికి ఇంత హాస్యం వుందా అనిపిస్తుంది. ఇలాటివి ఇంకా నాలుగు తీసివుంటే బాగుండేది.

ఆవిడ రాతలో లోపాలు లేవనను. కొన్నిచోట్ల మైళ్ల లెక్క, సామాన్ల లెక్క ఎక్కువై, సంసారపు డైరీ చదువుతున్నట్టుంటుంది. కాని విసుక్కుని పేజీ తిప్పబోయేసరికి ఒక వాన, ఒక పెట్రోలు బంకు, ఒక మొండి గాలి ఎదురొస్తాయి. అప్పుడు వెనక్కి తిరిగి ఫొటో చూస్తే ఆ కొండమీద మనమూ నిలబడ్డట్టే వుంటుంది. ఆ పుస్తకం ఇద్దరూ కలిసి చేసిన పని. అట్ట మీద ఇద్దరి పేర్లూ వున్నాయి. మ్యూజియం గోడల మీదికి వచ్చేసరికి మాత్రం ఫొటోలే మిగిలాయి. ఫొటో వుంటుంది, కింద ఆయన పేరు, ఏడూ, చోటూ వుంటాయి. కారు నడిపినావిడ, అర్జీ రాసినావిడ, ఆ చోటికి మాటలిచ్చినావిడ అన్నీ ఒక్కరే అని ఆ చీటీ చెప్పదు.

"పాపం కారిస్" అని నిట్టూర్చబోతున్నారేమో, ఆగండి. అలాటి జాలి ఆవిడకి నప్పదు. 1946లో వాళ్లు విడిపోయారు. వెస్టన్ ఒంట్లో పార్కిన్సన్ జబ్బు ముదిరి, 1948 తరవాత కెమెరా పట్టలేక, 1958లో పోయాడు. కారిస్ 2009 దాకా బతికింది. 95 ఏళ్లు. 1998లో "త్రూ అనదర్ లెన్స్" అని ఆ రోజుల గురించి ఆవిడ రాసిన పుస్తకం ఏడుపు పుస్తకం కాదు. కోపం వచ్చినచోట కోపం, ఇష్టం వున్నచోట ఇష్టం, దాచుకోకుండా రాసింది. స్టీరింగు వెనక కూచున్న మనిషికి రోడ్డంతా కనిపిస్తుంది కదా.

ఆ పుస్తకం ముగించాక ఎడీజా ఫొటో మళ్లీ తీసి చూశాను. మొహంలో పొగరేమీ లేదు. పొద్దుటినించీ నడిచిన మనిషి మొహం. "తీసేదేదో తొందరగా తియ్యి, కుడుతున్నాయి" అన్నట్టుంది.