భ్రమరకీట న్యాయం: పెరటి పరిశీలన, వ్యాఖ్యాన పరిమితి

భ్రమరకీట న్యాయాన్ని వివరించే వ్యాఖ్యల్లో ఒక వాక్యం దాదాపు మారకుండా కనిపిస్తుంది: తుమ్మెద ఒక పురుగును తెచ్చి గూటిలో పెట్టి రొద చేయగా, ఆ పురుగు తుమ్మెదనే తలచి తలచి తుమ్మెద అవుతుంది. ఇందులో మొదటి చిక్కు 'తుమ్మెద' అన్న మాటతోనే వస్తుంది. తుమ్మెద పురుగును తేదు. దాని పిల్లకు ఆహారం పుప్పొడి. సంస్కృత భాగవతం ఈ దృష్టాంతంలో వాడిన పదం 'పేశస్కృత్', అంటే పనితనం గల నిర్మాత. మట్టితో గూడు కట్టే కందిరీగకు ఇది ఎంతో తగిన పేరు. 'భ్రమర' శబ్దం స్థిరపడ్డాక కవిసమయంలోని తేనెతుమ్మెద వచ్చి ఆ నిర్మాతను కప్పివేసింది.

ఈ న్యాయాన్ని కేవలం కల్పన అని తోసిపుచ్చడం కూడా సరికాదు. గూటిలోకి గొంగళిపురుగు వెళ్లడం, మూత పడడం, కొన్నాళ్లకు కందిరీగ బయటికి రావడం, ఇవన్నీ ఎవరో పెరట్లో ఓపికగా చూసినవే. మూత లోపల జరిగేది మాత్రం వారికి కనపడలేదు. దాన్ని చూసినవాడు ఫ్రెంచి కీటక పరిశీలకుడు ఫాబ్ర్ (1823-1915). 1879లో సెరిన్యాఁలో ఆయన కొన్నది రాళ్లూ ముళ్లపొదలూ నిండిన బీడు. సాగుకు కొరగాని ఆ నేలను కీటకాల కోసమే అలా ఉంచుకున్నాడు. కుండగూడు కట్టే కందిరీగ గుడ్డును గూటి కప్పు నుంచి సన్నని దారంతో వేలాడదీస్తుందనీ, కింద పేర్చిన గొంగళిపురుగులు పూర్తిగా చచ్చుపడక కదులుతుంటాయి కనుక గుడ్డుకు ఆ ఎడం అవసరమనీ ఆయన రాశాడు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వాటిని తిని పెరుగుతుంది.

అప్పుడు న్యాయం చెడిందా? సందర్భాన్ని బట్టి చెప్పాలి. ఏకాదశ స్కంధంలో అవధూత ఏకాగ్రచింతనకు ఈ దృష్టాంతం ఇస్తాడు. అక్కడ అది బలహీనపడుతుంది. సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు కంసుని భయాన్నీ శిశుపాలుని వైరాన్నీ చెప్పే ఘట్టం వేరు. గోడలో బంధింపబడిన పురుగు భయక్రోధాలతోనే తద్రూపం పొందిందని మూలం అంటుంది. కంస శిశుపాలులు ధ్యానించి ఊరుకోలేదు, చంపబడ్డారు. దశమ స్కంధంలో శిశుపాలుని తేజస్సు కృష్ణునిలో కలుస్తుంది. పురుగు దేహమూ నిజంగానే కందిరీగ దేహమవుతుంది, కాని ఆహారమై. ప్రకృతి సత్యం ఇక్కడ దృష్టాంతాన్ని బలపరుస్తుంది. వ్యాఖ్యాతలు ఈ రెండు సందర్భాలనూ ఒకే గాటన కట్టడం వల్ల ఈ భేదం మరుగునపడింది.

'రొద' విషయం కూడా ఆలోచించదగినదే. మట్టిగూడు కట్టే కొన్ని కందిరీగలు తడిమట్టిని అదిమేటప్పుడు ఝుమ్మని కంపిస్తాయి. జనం దానినే ఉపదేశంగా విని ఉండవచ్చు.

ఈ గూళ్లు మట్టి ఇళ్లతోనే పోయాయనే మాట పొరపాటు. సిమెంటు గోడ మీదా కిటికీ మూలనా అవి నేటికీ కనిపిస్తాయి. కరవైనవి తడిమట్టి, మందు కొట్టని కూరపాదుల మీది నూగులేని చిన్న గొంగళిపురుగులు, ఎదిగిన కందిరీగకు తేనెనిచ్చే పూలు. పెరట్లో ఒక మూల నేలను గచ్చు చేయకుండా తడిపి ఉంచడం, తులసిని పూయనివ్వడం, పండుగకు సున్నం వేసేటప్పుడు గూళ్లను గీకివేయకపోవడం చాలు. న్యాయాన్ని బోధించేవారు పగిలిన ఒక పాతగూటిని విద్యార్థుల చేతికివ్వగలిగితే, 'పేశస్కృత్' అన్న పదానికి నిఘంటువు ఇవ్వని అర్థం వారి వేళ్లకు తగులుతుంది.