ఇసుర్రాయి మీద అడుగు

హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లు కట్టుకున్నవాళ్ళకు రెండు రకాల రాళ్ళ మీద మోజు. ఒకటి జపాన్ రాతిదీపం. పొట్టి స్తంభం, దాని మీద దీపం పెట్టే గూడు, పైన గొడుగులాంటి కప్పు. నాకు ఎదురైనవన్నీ సిమెంటుతో పోసినవో, నిన్నమొన్న చెక్కించినవో. రెండోది మన ఇసుర్రాయి. ఇది మాత్రం అసలుదే. గిర్నీలు వచ్చాక ఖానాపూర్, కడెం, ఉట్నూరు వైపు ఊళ్ళలో ఎన్నో ఇళ్ళ పెరట్లో మూలకు పడిపోయింది. దానితో పాటు రోళ్ళు, కుడితి తొట్లు, ఇల్లు విప్పితే వచ్చిన దర్వాజలు, ఇత్తడి గంగాళాలు. ఇవన్నీ కొని డీసీఎంలో ఎక్కించి పంపేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఫామ్‌హౌస్ వాళ్ళు రోట్లో నీళ్ళు పోసి తామర వేయడమేంటని మనవాళ్ళు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. వాడిన రాయిని ఇలా తోటలోకి తెచ్చే పని జపాన్‌లో నాలుగు వందల ఏళ్ళకు పైగా చాలా శ్రద్ధగా జరిగింది. అసలు ఆ రాతిదీపం తోట కోసం పుట్టిందే కాదు. గుళ్ళలో మొక్కు కింద పెట్టేవాళ్ళు. నారా పట్టణంలోని కసుగా ఆలయంలో రాతివి, కంచువి కలిపి ఇప్పటికీ 3,000 దాకా ఉన్నాయి. 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ కాలపు తేనీటి గురువులు చీకటిపడ్డాక వచ్చే అతిథులకు దారి కనపడాలని వాటిని తోటల్లోకి తెచ్చారు. ఆ తర్వాత పాడుబడ్డ గుళ్ళ స్తంభాల కింది రాళ్ళు నడకరాళ్ళయ్యాయి. పాత రాతి స్తూపాల ముక్కలను తొలిచి చేతులు కడుక్కునే తొట్లు చేశారు. క్యోటోలో 1895లో కట్టిన హెయాన్ ఆలయం తోటలో చెరువు దాటడానికి గుండ్రటి రాళ్ళు వరుసగా ఉంటాయి. ఒగావా జిహేయి అనే తోటల మేస్త్రి పరిచినవి. అవి జపాన్‌ను ఏలిన హిదెయోషి కాలంలో కట్టిన సంజో, గోజో వంతెనల స్తంభాలు. క్యోటోలో కొత్త రాయికి కరువేం లేదు. వేరేచోట ఒక బతుకు బతికి వచ్చిన రాయి కావాలి, అంతే.

అరిగిపోయిన తిరగళ్ళను కూడా వాళ్ళు నేలలో పాతి, మీద అడుగులేస్తూ నడుస్తారు. ఇక్కడే మనకూ వాళ్ళకూ పొత్తు కుదరదు. కడెం అవతల ఒక ఊళ్ళో మంచి ఇసుర్రాయి జోడు దొరికింది. ధర కూడా కుదిరింది. ఆ ఇంటి అవ్వ ఊరికే అడిగింది.

“దీన్ని కొనుకపోయి ఏం జేస్తరు కొడుకా?”

“తోటల తొవ్వ పొంటి పరుస్తరవ్వా.”

“అంటే తొక్కుతరా?”

నేను నీళ్ళు నమిలాను.

“జొన్నలు ఇసిరి ఇంటిల్లిపాదికి గటుక వోసిన రాయి అది. ఎవడన్న తొక్కుతడా?”

పైసలు పెంచుతానన్నా వినలేదు. గద్దె కట్టించి దాని మీద పెట్టిస్తానని మాటిచ్చాకే కదలనిచ్చింది. (పెళ్ళిలో సన్నెకల్లు తొక్కిస్తారు కదా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. దాని లెక్క వేరు, అది ఆమెకు నాకంటే బాగా తెలుసు.) అప్పటినుంచి కొనేవాళ్ళకు ముందే చెబుతున్నాను, నడిచే దారికైతే ఇసుర్రాయి ఇవ్వను, బండలు ఇస్తాను అని. వ్యాపారానికి ఇది మంచిది కాదు.

పాతదా కాదా అనేది చేత్తో తడిమి చూడాల్సిన సంగతి. వాడిన రాయి ఒక్కలా అరగదు. పిడి ఉన్న వైపు ఎక్కువ, రెండో వైపు తక్కువ. గింజలు పోసే కన్ను అంచు నున్నబడుతుంది. ఎన్నిసార్లు గంట్లు కొట్టించారో లోపలి ముఖం చూస్తే తెలుస్తుంది. లోహంలో అయితే మోసం సులువు. ఉషేగావ్, కేస్లాగూడ ఊళ్ళ ఓజా పనివాళ్ళు మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి పూసి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోసి తీస్తారు. వాళ్ళ డోక్రా పనికి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. కొత్తగా పోసిన నెమలినే నల్లగా చేసి వందేళ్ళ గోండు విగ్రహమని అమ్మే దళారీలున్నారు. కొత్తదని చెప్పి, పోసినవాడి పేరు చెప్పి అమ్మితే తప్పేముంది?

జపాన్ పాత సరుకులో నన్ను కట్టిపడేసేది వస్తువు కన్నా దాని పెట్టె. మంచి తేనీటి గిన్నెకు ఒక కర్రపెట్టె ఉంటుంది. మూత మీద చేసినవాడో, పేరున్న గురువో సిరాతో రాసి ఉంటాడు. పెట్టె పోతే గిన్నె ధర పడిపోతుంది. మనకు పెట్టెలు లేవు గానీ పేర్లున్నాయి. పెళ్ళికి పెట్టిన గంగాళం మీద, చెంబు మీద ఎవరు ఎవరికి పెట్టారో, ఏ తేదీనో చుక్కలు చుక్కలుగా కొట్టించేవాళ్ళం. పాత ఇత్తడి కొనేవాడు కిలోల లెక్కన తూస్తాడు. ఆ పేరు కాటాకు ఎక్కదు. షోరూముకు వెళ్ళేదైతే పాలిష్ చక్రం పెట్టి ముందు పేరునే చెరిపేస్తారు.

చట్టం కూడా పెట్టె మీది రాత లాంటిదే అడుగుతుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన శిల్పమే కాదు, కట్టడం నుంచి ఊడదీసిన వస్తువు కూడా పురావస్తువే. అమ్మాలంటే లైసెన్సు కావాలి, రిజిస్టరూ ఫొటోలూ ఉండాలి. ప్రైవేటు మనిషి విదేశానికి పంపకూడదు. మా బజారులో ఈ సంగతి ఎత్తితే టీ చల్లారిపోతుంది. నేను వందేళ్ళు దాటినట్టు అనుమానమున్న దర్వాజను, చెక్కిన రాయిని ముట్టుకోను. ముఖ్యంగా చెట్టు కింది నాగరాళ్ళు, పొలం గట్టు మీది వీరగల్లులు. వాటికి అమ్మేవాడు దొరుకుతాడు గానీ యజమాని దొరకడు. నా పరిధి గంగాళం దగ్గర, రోలు దగ్గర ఆగిపోతుంది. వాటికీ ఒక నోటుబుక్కు పెట్టాను. ఊరు, ఇల్లు, ఎవరు వాడారు, ఎందుకు అమ్మారు.

సాలార్జంగ్ మ్యూజియంలో జపాన్ పింగాణీ, కత్తులు చూసినప్పుడు కూడా ఈ ఎవరు వాడారన్న సంగతే గుర్తొస్తుంది. 1914లో దివాన్‌గిరీ వదిలాక మూడో సాలార్జంగ్‌కు కొనడమే పని. కొన్న నవాబు పేరు అందరికీ తెలుసు. ఆ గిన్నెలో ఎవరు తాగారో అద్దం అవతల నిలబడి అడిగేవాళ్ళు లేరు.

పేరున్న గంగాళానికి నేను కాస్త ఎక్కువే చెబుతాను. పేరు తీసేసి ఇవ్వమనేవాళ్ళే ఎక్కువ. ఈమధ్య ఒకాయన మాత్రం ‘లక్ష్మి’ అని కొట్టించి ఉన్నదే కావాలన్నాడు. వాళ్ళ నాయనమ్మ పేరూ లక్ష్మేనట. వాళ్ళది వేరే జిల్లా, ఇంటిపేరు మొదటి అక్షరం కూడా కలవలేదు. ఆ అక్షరం ఒక్కటి చెరిపివ్వమన్నాడు. చెరపనన్నాను. బేరమాడకుండా అలాగే తీసుకెళ్ళాడు. కార్లో పెట్టేటప్పుడే డ్రైవర్‌తో ఇది మా నాయనమ్మదని చెబుతున్నాడు. నోటుబుక్కులో అసలు ఊరే రాసుకున్నాను.