అతుకు కనిపించని బొమ్మ

అమ్మాయి పెళ్లి ఆల్బమ్ తయారవుతున్న రోజుల్లో ఒక తల్లి స్టూడియోకి వస్తుంది. పర్సులోంచి పాస్‌పోర్టు సైజు ఫోటో తీసి కౌంటర్ మీద పెట్టి, "బాబూ, మా ఆయన్ని పిల్ల పక్కన నిలబెట్టగలవా?" అని అడుగుతుంది. మన ఊళ్లలో స్టూడియో నడిపినవాళ్లలో ఈ మాట విననివాళ్లు అరుదు. ఫోటోలు కలిపే విద్యకు ఇంతకు మించిన పరీక్ష లేదని నా నమ్మకం. సినిమా పోస్టర్లో హీరో నీడ తప్పు దిక్కున పడినా జనం పట్టించుకోరు. ఆ ఇంట్లో మాత్రం పోయినాయన ఏ భుజం కాస్త వంచి నిలబడేవాడో అందరికీ గుర్తే.

ఈ పనిని కంప్యూటర్ మాయ అని తీసిపారేస్తే నాకు బాధేస్తుంది. కంప్యూటర్ పేరు కూడా ఎవరూ వినని రోజుల్లోనే ఇది చేయి తిరిగిన చేతిపని. పైగా ఇది మోసంలోంచి పుట్టలేదు, కెమెరాకున్న లోపంలోంచి పుట్టింది. 1850లలో వాడిన తడి కొలోడియన్ గాజుపలక నీలి వెలుతురును అతిగా పట్టేది. సముద్రం సరిగా పడేంతసేపు లెన్సు తెరిచి ఉంచితే పైన ఆకాశం ఒక్క మబ్బు తునకైనా మిగలకుండా తెల్లబోయేది. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే అలలకొక నెగెటివ్, ఆకాశానికొక నెగెటివ్ తీసి, నీరూ నింగీ కలిసే గీత దగ్గర రెండింటినీ అతికి ఒకే కాగితం మీద ముద్రించాడు. సెత్ తీరంలో 1857లో తీసిన 'పెద్ద అల' అలా తయారైందే. ఒకే మబ్బులను వేర్వేరు సముద్రాల మీద పరిచిన ప్రింట్లూ ఆయనవి ఉన్నాయి. మన కన్ను ఒక్క చూపులో పట్టేదాన్ని ఆ కెమెరా రెండు విడతల్లో గానీ పట్టలేకపోయింది. ఆయన చేసిందల్లా ఆ రెండు విడతలనూ మళ్లీ ఒక్క చూపుగా మార్చడం.

అదే ఏడాది, స్వీడన్‌లో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డ ఆస్కార్ రైలాండర్ 'జీవితంలో రెండు దారులు' అనే చిత్రాన్ని 30కి పైగా నెగెటివ్‌లతో కట్టాడు. మనుషులను విడివిడిగా, చిన్న గుంపులుగా నిలబెట్టి తీశాడు. ఒక్కో నెగెటివ్‌నూ కాగితం మీద దాని చోట ఉంచి, మిగతా కాగితానికి వెలుతురు తగలకుండా కప్పి, ముద్రిస్తూ పోయాడు. ఒక్కచోట చెయ్యి జారితే మళ్లీ మొదటికే. సుమారు ఆరు వారాల పని అది. విక్టోరియా రాణి ఒక ప్రతి కొనుక్కుంది. స్కాట్లాండులో మాత్రం అందులోని నగ్న రూపాలకు అభ్యంతరపడి, సగం బొమ్మకు తెర కట్టి ప్రదర్శించారు.

మరుసటి ఏడాది హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగెటివ్‌లు కలిపి, కన్నుమూయబోతున్న ఒక పడుచుపిల్లను, ఆమె చుట్టూ ఉన్న ఇంటివాళ్లను చూపించాడు. ఆ పిల్ల నిజానికి ఆరోగ్యంగా ఉన్న మోడలే. అయినా చాలామంది నొచ్చుకున్నారు. మరణశయ్యను చిత్రకారుడు గీస్తే మెచ్చుకున్నవాళ్లే ఫోటోలో చూసేసరికి ఉలిక్కిపడ్డారు. ఫోటో అంటే జరిగిందే అన్న నమ్మకం అప్పటికే అంతగా నాటుకుపోయింది. ఫోటోలు కలిపేవాడి బలం ఆ నమ్మకమే. బరువు కూడా అదే.

మనకు ఈ విద్య రుచి చూపించింది సినిమా. 1957 నాటి 'మాయాబజార్'లో కె.వి. రెడ్డి ఊహకు మార్కస్ బార్ట్‌లీ కెమెరా ఏ రూపం ఇచ్చిందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? ఒకే నటుడు రెండు పాత్రల్లో ఎదురెదురుగా నిలబడే దృశ్యాలకు అప్పట్లో మాస్క్ షాట్ వాడేవారు. లెన్సులో సగానికి నల్లటి అడ్డు పెట్టి ఒక పాత్రను తీస్తారు. ఫిల్మును వెనక్కి తిప్పి, తీసిన సగాన్ని మూసి, మూసిన సగాన్ని తెరిచి, అదే నటుణ్ని వేషం మార్చి మళ్లీ తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా, రెండోసారికి లైటు మారినా, బొమ్మ నడిమధ్యన నిలువు గీత పడిపోతుంది. ఫలితం ఏమైందో ఫిల్ము కడిగాక గానీ తెలియదు.

అమెరికాలో జెర్రీ యూల్స్‌మన్ డార్క్‌రూములో వరసగా ఎన్‌లార్జర్లు పెట్టుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో నెగెటివ్ ఉంచి, ఒకే కాగితాన్ని ఒకదాని కిందినుంచి ఇంకోదాని కిందికి మార్చేవాడు. వేళ్లతో సహా గాలిలో తేలే చెట్లు అలా పుట్టాయి. కంప్యూటర్ వచ్చాక కూడా ఆయన ఆ చీకటిగదిని వదల్లేదు.

టామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ముల చేతుల్లో మొదలైన ఫోటోషాప్ 1990లో మార్కెట్లోకి వచ్చింది. కానీ ఈ పనికి అసలు మలుపు 1994 నాటి మూడో వెర్షన్. లేయర్లు అప్పుడే వచ్చాయి. అంతకుముందు ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ అతికితే అతికినట్టే, మళ్లీ విడదీయడం కష్టం. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శకమైన పలకల్లాంటివి. లేయర్ మీది మాస్క్ ఆనాటి లెన్సు ముందరి నల్లటి అడ్డే. నలుపు పూసినచోట పై బొమ్మ దాగుతుంది, తెలుపు పూసినచోట కనిపిస్తుంది, బూడిదరంగు పూస్తే సగం సగం. లేయర్లను కలిపే పద్ధతుల్లో మల్టిప్లై అంటే రెండు స్లైడ్లను ఒకదానిమీదొకటి పెట్టి ఒకే ప్రొజెక్టర్లో వేసినట్టు, చీకటి పెరుగుతుంది. స్క్రీన్ అంటే రెండు ప్రొజెక్టర్లను ఒకే తెర మీదికి తిప్పినట్టు, వెలుతురు పెరుగుతుంది.

ఇవన్నీ వారం రోజుల్లో నేర్చుకోవచ్చు. రానిది వెలుతురును చదవడం. ఆ పాస్‌పోర్టు ఫోటో దగ్గరికే వద్దాం. అందులో ఆయన ముఖానికి ఎదురుగా ఫ్లాష్ కొట్టారు, బుగ్గ మీద నీడే లేదు. పెళ్లిమండపంలో వీడియో లైటు కుడిపక్కనుంచి పడుతోంది. కత్తిరించి పెడితే మనిషి గోడకు అంటించిన క్యాలెండర్ బొమ్మలా ఉంటాడు. అందుకని ఎడమ చెంపకు నీడ పూయాలి, దవడ కింద ఇంకాస్త ముదురు చేయాలి. పాత ఫోటోలో నలుపు వెలిసి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, పక్కవాళ్ల జుట్టులోని నలుపుతో దాన్ని సరిపోల్చాలి. పాత కాగితానికున్న గరుకు కొత్త డిజిటల్ ఫోటోలో ఉండదు, అది రెండింటికీ సమానంగా పరవాలి. కెమెరా ఏ ఎత్తునుంచి చూసిందో అది కుదరకపోతే ఏం చేసినా మనిషి తేలిపోతాడు. పాస్‌పోర్టు ఫోటోలో లేని ఒంటిని వేరే ఫోటోలోంచి తెచ్చి నిలబెట్టాక, ఆఖరున చెప్పుల కింద, నేలను తాకే చోట, సన్నటి చిక్కని నీడ. చాలామంది మరిచిపోయేది దాన్నే.

అంచు విషయంలో ఒక గొప్ప మాట 1983లోనే పీటర్ బర్ట్, ఎడ్వర్డ్ ఏడెల్‌సన్ అనే పరిశోధకులు చెప్పారు. సగం ఆపిల్, సగం కమలాపండు కలిపి చూపించారు వాళ్లు. రంగూ వెలుతురూ లాంటి పెద్ద మార్పులను వెడల్పుగా కలపాలి, చర్మపు గీతల్లాంటి సన్నటి వివరాలను ఇరుగ్గా కలపాలి. అంచంతా ఒకే తీరుగా మసకబార్చితే చెవులు పొగలా కనిపించేది ఇందుకే.

ఈ విద్య అడుగు పెట్టకూడని చోటు ఒకటుంది. 2003లో ఇరాక్ యుద్ధంలో రెండు ఫోటోలు కలిపి ఒకటిగా పంపినందుకు లాస్ ఏంజెలెస్ టైమ్స్ తన ఫోటోగ్రాఫర్‌ను ఉద్యోగంలోంచి తీసేసింది. అది సరైన పనే. వార్తాచిత్రం చూసేవాడికి అక్కడ జరిగింది తెలియాలి, ఫోటోగ్రాఫర్ జరగాలనుకున్నది కాదు. పెళ్లి ఆల్బమ్ తెరిచేవాళ్లకు మాత్రం నాన్న ఆ రోజుకు లేడని తెలుసు. తెలిసే ఆ పేజీ దగ్గర ఆగుతారు.

కానీ ముప్పై ఏళ్లు పోయాక ఆ ఆల్బమ్ తెరిచే మనవడికి ఆ సంగతి తెలియదు, చెప్పేవాళ్లూ మిగలకపోవచ్చు. అందుకే మీ ఇంట్లో ఇలాంటి ఫోటో ఉంటే ఇవాళే దాని వెనక రాసి పెట్టండి, ఎవరిని ఏ ఏడాది ఏ ఫోటోలోంచి తెచ్చి కలిపారో. మూలమైన ఆ చిన్న పాస్‌పోర్టు ఫోటోను కూడా పారేయకుండా అదే ఆల్బమ్ చివరి పేజీలో అంటించండి.