తేదీ తెలిసిన కడుపు

కాకినాడలో మా ఓపీ గదిలో కడుపుతో వచ్చిన ప్రతి మనిషినీ మొదట అడిగేది ఒకటే: "ఆఖరి నెలసరి ఎప్పుడమ్మా?" జవాబు తేదీగా రావడం అరుదు. "వినాయక చవితికి నాలుగు రోజుల ముందు" అంటారు, "మా మరిది పెళ్ళిలో దూరం ఉన్నాను" అంటారు. దాన్ని తేదీ చేసుకుని, 280 రోజులు కలిపి కాన్పు డేటు రాస్తాం. జర్మన్ వైద్యుడు నేగెలె పేరు మీద నడుస్తున్న లెక్క ఇది. పద్నాలుగో రోజున అండం విడుదలై ఉంటుందని ఇందులో ఒక ఊహ. ఆ ఊహ మీదే మన కాన్పులన్నీ నడుస్తున్నాయి.

పోయిన నెల ఒకమ్మాయి అత్తగారితో వచ్చింది. నేను అడగడమే ఆలస్యం, అత్తగారే చెప్పారు, "జూలై ఇరవై రెండండీ." ఆ ఇంట్లో ఇంకా దూరం కూర్చునే ఆచారముంది, కాబట్టి తేదీ ఆవిడకు కంఠతా వచ్చు. అప్పుడే వేళ్ళ కణుపులు లెక్కపెట్టేసుకుంటున్నారు. ఆవిడ మందుల చీటీ పట్టుకుని బయటికెళ్ళాక, అమ్మాయి సంచి అడుగునుంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఆగస్టు 20న ఐదో రోజు పిండాన్ని గర్భసంచిలో పెట్టారని ఉంది. ఫ్రోజెన్ పిండం. లోపలి పొర పలచగా ఉందని మాత్రలు ఎక్కువ రోజులు వాడాల్సొచ్చి అంత ఆలస్యమైంది. "ఐవీఎఫ్ అని మా ఇద్దరికే తెలుసు మేడమ్" అంది.

ఆ కాగితం చేతిలో ఉంటే ఊహతో పనిలేదు. పిండం వయసు ఐదు రోజులు, కాబట్టి అండమూ వీర్యకణమూ కలిసింది ఆగస్టు 15న అన్నట్టు లెక్క. అక్కడినుంచి 266 రోజులు, లేదా పిండం పెట్టిన రోజునుంచి 261. మూడో రోజు పిండమైతే 263. మే 8 వచ్చింది. నెలసరి తేదీ ఆధారంగా వేస్తే పది రోజులు ముందుకొచ్చేది.

పాత లెక్కలోకి మార్చాలంటే ఆగస్టు 20కి పందొమ్మిది రోజులు వెనక్కి వెళ్ళాలి. అంటే పిండం పెట్టించుకుని బల్ల దిగిన పూటకే కడుపు వయసు రెండు వారాల ఐదు రోజులు. ఈ మాట చెప్పినప్పుడు ఒకటికి రెండుసార్లు అడుగుతారు. ఏళ్ళ తరబడి నెలనెలా ఎదురుచూసి ఏడ్చినవాళ్ళు, తమకు తెలియకుండా చేరిపోయిన ఆ రోజుల్ని వెంటనే నమ్మలేరు. నేను కాగితం మీద గీతలు గీసి చూపిస్తాను.

ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్న కాలం మాత్రం ఏ లెక్కలోకీ రాదు. నెలైనా, ఆరేళ్ళైనా ఆ పిండానికి ఐదు రోజులే. ఇక్కడికొచ్చేసరికి నాకు డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ గుర్తొస్తారు. ఇంగ్లండులో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయీ బ్రౌన్ పుట్టిన డెబ్బై రోజులకు, 1978 అక్టోబరు 3న, కలకత్తాలో ఆయన పుట్టించిన దుర్గ గడ్డకట్టించి దాచిన పిండమే. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన్ని నమ్మలేదు. 1981లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. ఈ రోజు మేం కళ్ళు మూసుకుని వేస్తున్న లెక్క వెనక ఆ మనిషున్నాడు.

266 అనే అంకె నాకింకో కారణానికీ ఇష్టం. చాంద్రమానంలో నెలంటే ఇరవై తొమ్మిదిన్నర రోజుల పైచిల్లర. తొమ్మిదితో హెచ్చిస్తే 266కి ఓ పూట తక్కువ. తొమ్మిది నెలలు మోసిందని మన పెద్దవాళ్ళు అనేది, బీజం పడ్డనాటి నుంచి చంద్రుడి లెక్కన చూస్తే అచ్చంగా నిజం.

ఇంత తెలిసినా సరిగ్గా ఆ తేదీనే పుట్టేవాళ్ళు నూటికి నలుగురైదుగురే. మరి పది రోజుల కోసం ఎందుకింత పట్టుదల అంటే, మన దగ్గర తేదీని చూసి కత్తి కదులుతుంది. తెలంగాణలో నూటికి అరవై, ఆంధ్రలో నలభై పైచిలుకు కాన్పులు ఆపరేషన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నాలుగేళ్ళ కిందట నా దగ్గర చూపించుకున్న ఒకమ్మాయి పురిటికి పుట్టింటికి వెళ్ళింది. గుట్టు బయటపడుతుందని పాత కాగితాలేవీ తీసుకెళ్ళలేదు. అక్కడి ఆసుపత్రిలో నెలసరి తేదీ చెప్పింది. ముప్పై ఏడు వారాలు నిండాయనుకుని, పంతులుగారు పెట్టిన ముహూర్తానికి బిడ్డను తీశారు. నిజానికి ముప్పై ఆరు కూడా నిండలేదు. ఊపిరందక ఆ పసివాడు ఐదు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఆ తల్లి ఫోన్లో ఏడ్చిన ఏడుపు నేనింకా మర్చిపోలేదు. కాగితాలు దగ్గర పెట్టుకోమని గట్టిగా చెప్పాల్సింది నేనే.

మామూలు గర్భాల్లో తొలి స్కాను కొలత తేడాగా వస్తే డేటు మారుస్తాం. ఐవీఎఫ్‌లో మార్చం. బిడ్డ చిన్నగా కనిపిస్తే అది బిడ్డ గురించిన కబురు, తేదీ తప్పని కాదు.

అత్తగారు తిరిగొచ్చారు. "మే 8 అండీ. మీరనుకున్నదానికన్నా పది రోజులు ఆలస్యంగా నిలిచింది" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆవిడ మళ్ళీ మొదటి కణుపు దగ్గర్నుంచి మొదలుపెట్టి, "అయితే వైశాఖంలో" అన్నారు. అమ్మాయి కాగితం సంచి అడుక్కి తోసింది. అప్పటికే దాని నకలొకటి తీయించి నా ఫైల్లో పెట్టుకున్నాను. పుట్టింటికి వెళ్ళేటప్పుడు అసలు కాగితం నీతోనే ఉండాలమ్మా అని, అత్తగారు చెప్పులు తొడుక్కునేలోపు, చెవిలో చెప్పాను.