నవ్వొచ్చిన చోట పద్దు రాయండి

పోయిన ఆదివారం నిజాంపేటలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. పూర్ణాలు, పులిహోర, గుత్తివంకాయ, అన్నీ చక్కగా కుదిరాయి. బంతిలో నా ఎదురుగా ఒక పెద్దాయన కూర్చున్నారు. ఆయన పక్కనున్న కుర్రాడి భుజం తట్టి, "ఏమోయ్, ఇంకా ఉద్యోగం ఉందా, ఊడిందా?" అన్నారు. బంతంతా నవ్వింది. ఆ అబ్బాయీ నవ్వాడు. పెరుగు వడ్డించకముందే విస్తరి మడిచి లేచిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అడిగిన పెద్దాయన రిటైరైన ఉద్యోగి, ఆయన పెన్షను నెలనెలా ఆగకుండా పడుతుంది.

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తీసేస్తామని ప్రకటించింది. దానికి ముందు నెలలోనే ఏడాదికి 35 రోజులకు మించి బెంచి మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా, ఉండకూడదని నియమం పెట్టింది. అంత పెద్ద కంపెనీయే ఆ పని చేశాక చిన్నవాటి సంగతి చెప్పాలా? కూకట్‌పల్లి, మియాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ప్రతి లిఫ్టులోనూ ఇదే మాట. "ప్రాజెక్టు నుంచి రిలీజ్ చేశారట", "హెచ్ఆర్ నుంచి మీటింగ్ ఇన్వైట్ వచ్చిందట." ఇలాంటి వేళ ఉద్యోగాల మీద వేళాకోళం తగదని ఈ వారం గట్టిగా రాద్దామనుకున్నాను. నా మొండిపట్టు మీకు కొత్త కాదు. కష్టం గుమ్మం దాకా వచ్చిందంటే మాటలు కట్టిపెట్టి పద్దుల పుస్తకం తియ్యాలంటాను. ఏటా ఏప్రిల్‌లో ఈ మాట రాస్తూనే ఉన్నాను, మీరు ఓపిగ్గా చదువుతూనే ఉన్నారు.

మంగళవారం సాయంత్రం మా పై అంతస్తు వాళ్ళ స్టీలు డబ్బా తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. ఖాళీ డబ్బా ఇవ్వకూడదు కాబట్టి నాలుగు సున్నుండలు వేసుకుని వెళ్ళాను. ఆ ఇంటబ్బాయికి నలభై దాటాయి. సాఫ్ట్‌వేర్‌లో టీమ్ లీడు. అతని ప్రాజెక్టు అయిపోయింది, ఆ మీటింగ్ ఇన్వైట్ ఏ పూటైనా రావచ్చునని నాకు ముందే తెలుసు. ఇల్లు దిగులుగా ఉంటుందనుకుని మెల్లగా బెల్లు కొట్టాను.

లోపల తొమ్మిదో తరగతి చదివే కూతురు నోటుబుక్కు పట్టుకుని తండ్రిని ఇంటర్వ్యూ చేస్తోంది.

"వంటింట్లో మీ అనుభవం?"

"టీ పెట్టడంలో పదిహేనేళ్ళు."

"మీరు రెండే రెండుసార్లు పెట్టారని నాన్నమ్మగారు రిఫరెన్స్ ఇచ్చారే!"

స్టవ్వు దగ్గర్నుంచి అతని భార్య, "ఆరు నెలలు ప్రొబేషన్. పప్పులో ఉప్పు తప్పితే పిప్‌లో పెడతాం" అంది. పని బాగా లేదని చెప్పి, బాగుచేసుకోవడానికి కంపెనీలు ఇచ్చే గడువే ఈ పిప్. సాఫ్ట్‌వేర్ ఇళ్ళలో ఆ మాట వింటే అన్నం సహించదు. అలాంటి మాట ఆ ఇంట్లో పోపు పెడుతుండగా వినపడింది.

"రండి పిన్నిగారూ, మీరు ప్యానెల్లో కూర్చోండి" అన్నాడా అబ్బాయి. కూర్చున్నాను. అతని తల్లికి 74 ఏళ్ళు, ఊరు తెనాలి. మంచం మీద నుంచే అందుకుంది. "ఒరేయ్, ఖర్చు తగ్గించాలంటే మొదట నా మాత్రల మీద పడతావేమో. పనీ పాటా లేకుండా ఈ ఇంట్లో బెంచి మీద ఉన్నదాన్ని నేనే కదా!"

అందరం పగలబడి నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆ అబ్బాయి ఆగిపోయాడు. "అమ్మా, నీ బీమా..." అన్నాడు.

ఆవిడ గుండెకు స్టెంటు వేసింది కొడుకు కంపెనీ బీమా మీద. చాలా కంపెనీల్లో ఆఖరి పనిదినంతోనే ఆ బీమా ఆగిపోతుంది. నెల రోజులుగా అతను లాప్‌టాప్‌లో ఒక పట్టిక వేసుకుంటున్నాడు. అందులో ఇంటి అప్పు వాయిదా ఉంది, స్కూలు ఫీజు ఉంది, సిప్‌లు ఉన్నాయి, పనిమనిషి జీతం కూడా ఉంది. తల్లి బీమా లేదు. చేతి నుంచి ఏనాడూ కట్టింది కాదు కాబట్టి ఖర్చుగా తట్టనే లేదు. ఆవిడ ఎన్ని రాత్రులు దాని గురించే ఆలోచిస్తూ పడుకుందో గాని, కొడుకుని అడగడానికి నోరు రాలేదు. వేళాకోళంగా అనడానికి మాత్రం వచ్చింది.

ఆ తర్వాత ఒకటొకటే బయటపడ్డాయి. "నువ్వు ఇంట్లోనే ఉంటే బస్సు మానిపించెయ్ నాన్నా, నువ్వే దింపు. లుంగీలో మాత్రం రాకు" అంది పిల్ల. బస్సు రుసుము పద్దులోంచి కొట్టేశారు. "నా గాజుల మీద కన్నెయ్యకండి. తప్పదంటే తాకట్టు కొట్టుకి కాదు, బ్యాంకుకే తీసుకెళ్ళండి" అంది భార్య. ఏది ఆఖరున ముట్టుకోవాలో, ఎక్కడ కుదువపెట్టాలో అప్పుడు తేలింది. గ్రాట్యుటీ ఎంత వస్తుందో ఆ పిల్లే లెక్క కట్టింది. ఐదేళ్ళు నిండినవారికి, లెక్కలోకి వచ్చే ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, పనిచేసిన ఏళ్ళతో హెచ్చిస్తారు. వేతనం 52,000, సర్వీసు తొమ్మిదేళ్ళు అయితే 2,70,000 రూపాయలు. "రెండు నెలలు ఎక్కువ పిజ్జాలు" అని పక్కన రాసుకుంది. తల్లి చూసి కొట్టేసింది.

కిందికి దిగి వచ్చాక నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

తొంభైల మొదట్లో మేం బాలానగర్ దగ్గర ఉండేవాళ్ళం. నాన్న ఒక కర్మాగారంలో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్ అయ్యాడు. 1992లో కేంద్రం నేషనల్ రెన్యువల్ ఫండ్ పెట్టింది. కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో స్వచ్ఛంద పదవీ విరమణకు డబ్బు అందులోంచి వచ్చేది. కార్మికులు దాన్ని గోల్డెన్ షేక్‌హ్యాండ్ అనేవారు. తన పేరు కూడా జాబితాలో ఉంటుందని నాన్నకు నెలల ముందే తెలిసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తయారవడం మొదలుపెట్టాడు.

ఆ తయారీ ఎంత పద్ధతిగా చేశాడో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. కో-ఆపరేటివ్ సొసైటీ అప్పు ముందే కట్టేశాడు. వానకు కారే డాబా బాగుచేయించి, ఇల్లంతా సున్నం కొట్టించాడు. పాత బియ్యం బస్తాలు దింపించాడు, ఏడాదికి సరిపడా చింతపండు, ఎండుమిరపకాయలు కొన్నాడు. పోస్టాఫీసు సర్టిఫికెట్లన్నీ తారీఖుల వారీగా ఒక ఫైల్లో పెట్టి బీరువాలో దాచాడు. రాత్రిళ్ళు దీపం దగ్గర కూర్చుని లెక్కలు వేసుకునేవాడు.

ఇదంతా అమ్మ గమనిస్తూనే ఉంది. ఇంటికి సున్నం, బియ్యం బస్తాలు, రాత్రిపూట లెక్కలు. ఏ తల్లికైనా ఏమనిపిస్తుంది? అక్క పెళ్ళి తలపెట్టాడనుకుంది. మగవాడు నోరు విప్పడు గాని మనసులో అన్నీ ఉంటాయని సంబరపడింది. మేనమామకు కబురు పెట్టింది, ఆయన సంబంధాలు వెతకడం మొదలుపెట్టాడు. సికింద్రాబాద్ పాట్ మార్కెట్లో గొలుసుకు బయానా ఇచ్చింది. అన్నిటికన్నా పెద్దది, కొత్తగా ఒక చీటీలో చేరి, మొదట్లోనే పాడుకుని ఎత్తేసుకుంది. చీటీ ఎత్తేసుకున్నాక వాయిదాలు ఆపడానికుండదని మీకు వేరే చెప్పక్కర్లేదు. దాని మీద నేను రాసిన వ్యాసాలకు మీరు పంపిన ఉత్తరాలన్నీ నా దగ్గరున్నాయి.

ఒక శనివారం సాయంత్రం నాన్న సంగతి చెప్పాడు. అమ్మ నవ్వింది, వేళాకోళం చేస్తున్నాడనుకుంది. ఆ మాట నిజమని నమ్మడానికి ఆమెకు రాత్రంతా పట్టింది. గొలుసు బయానాలో కొంత పోయింది. వచ్చిన డబ్బులో ఎంతో భాగాన్ని చీటీ వాయిదాలు తినేశాయి. అక్క పెళ్ళి రెండేళ్ళు ఆగింది. నాన్న ఫైల్లో మాత్రం ఒక్క కాగితం లోపం లేదు.

చాలా ఏళ్ళ తర్వాత నాన్నే చెప్పాడు. ఆ నెలల్లో కర్మాగారం గేటు ముందు టీ కొట్టు దగ్గర రోజూ ఆ గోల్డెన్ షేక్‌హ్యాండ్ మీదే నవ్వులాటట. "చెయ్యి బంగారమే, కలిపాక నీ వేళ్ళు లెక్కపెట్టుకో" అనేవాడట ఒక టర్నరు. అందరూ కడుపు పట్టుకుని నవ్వేవారట. ఆ మాట ఒక్కసారి ఇంటికి తెచ్చి అమ్మ ముందు అని ఉంటే ఆమె "అదేమిటండీ?" అని అడిగేది. ఆ ఒక్క ప్రశ్నతో చీటీ ఆగేది.

అందుకే వేళాకోళం వద్దని రాద్దామనుకున్నదాన్ని ఈ వారం వేరేది రాస్తున్నాను. గృహప్రవేశం బంతిలో ఆ పెద్దాయన మాట తప్పే. నలుగురిలో అడిగినదానికి ఆ కుర్రాడు నిజం చెప్పలేడు, ఆ నవ్వు వల్ల ఎవరి పుస్తకంలోనూ ఒక పద్దు చేరదు. ఇంట్లో నవ్వు అలాంటిది కాదు. భయం ఎవరిదో వాళ్ళ నోటి నుంచే వస్తుంది, వినేవాళ్ళు దానికి ఏదో ఒకటి చేయగలిగినవాళ్ళు. పద్దుల పుస్తకం మీద నా నమ్మకం ఇసుమంతా తగ్గలేదు. కాకపోతే దాన్ని ఒంటరిగా, రాత్రి దీపం దగ్గర రాయకూడదు.

ఇక నవ్వులయ్యాక రాసుకోవలసినవి. ఉద్యోగం ఉండగానే కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్ళ దాకా ఉండొచ్చు కాబట్టి గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. కంపెనీ పాలసీ ఇచ్చిన బీమా సంస్థనే వ్యక్తిగత పాలసీకి మార్చమని కూడా అడగండి. ఇంట్లో 70 ఏళ్ళు నిండినవాళ్ళుంటే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి చికిత్స ఉంటుంది. మా పై అంతస్తు పెద్దావిడకు ఆ కార్డు చేయించే పని మనవరాలు నెత్తినేసుకుంది.

ఇంటి అప్పు బకాయి 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండి బాకీగా రాస్తుంది. ఆ తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు రావచ్చు. వాయిదా తప్పకముందే మేనేజరును కలిసి గడువు పెంచమని అడగండి. పీఎఫ్ ఖాతాలో ఆధార్, బ్యాంకు వివరాలు, నామినీ పేరు సరిచూసుకోండి. అందులో డబ్బు చివరిదాకా ముట్టుకోవద్దు. పెన్షనుకు పదేళ్ళ సర్వీసు కావాలి, తొందరపడి అంతా తీసేసుకుంటే ఆ సర్వీసు చేజారుతుంది. జీతం స్లిప్పులు, ఫారం 16లు, నియామక పత్రం కంపెనీ లాప్‌టాప్‌లో కాక మీ దగ్గర ఉంచుకోండి.

మరొకటి. గదిలోకి పిలిచి "మీరే రాజీనామా రాసిచ్చేయండి" అంటే అక్కడే సంతకం పెట్టకండి. చట్టం దృష్టిలో కార్మికులైన వాళ్ళను తొలగిస్తే ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. తనంతట తాను రాజీనామా చేసిన మనిషికి అది రాదు. ఒక రోజు గడువు అడగండి, ఇంటికి రండి, ఇంట్లోవాళ్ళతో కూర్చుని చదవండి.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మన పిల్లలకు గడువు ఇంకా ఇరుకు. ఉద్యోగం పోయిన నాటి నుంచి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ లోపు ఇంకో యజమాని దొరకాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా తిరిగి రావాలి. వాళ్ళు ఇక్కడి తల్లిదండ్రులకు చెప్పరు, కంగారు పడతారని. తల్లిదండ్రులు పిల్లలు పంపే డబ్బు వస్తుందన్న ధీమాతో ఇక్కడ స్థలానికి బయానా ఇస్తారు.

ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ ఇంట్లో ఉద్యోగం చేస్తున్నవారి కంపెనీ బీమా కార్డు తీసి, అందులో ఎవరెవరి పేర్లున్నాయో పైకి చదవండి. ఎవరేమన్నా అననివ్వండి, నవ్వనివ్వండి. పక్కన ఒక పుస్తకం, పెన్ను పెట్టుకోండి. దూరాన ఉన్న పిల్లలకు కూడా ఆ పూటే ఫోన్ చేయండి.