ఏ పోర్టు, ఎవరికి

క్లౌడ్‌లో సర్వర్ లేపడం ఇప్పుడు నిమిషాల పని. దానికి ఏ పోర్టు తెరవాలో, ఎవరికి తెరవాలో తేల్చి కోడ్‌లో రాయడం మాత్రం ఆచితూచి చేయాల్సిన పని. అది చేసే ఇంజనీర్లంటే నాకు ఎంతో గౌరవం.

అమెజాన్ క్లౌడ్‌లో సర్వర్‌కి కాపలా కాసే రూల్స్ గుంపుని సెక్యూరిటీ గ్రూప్ అంటారు. దాన్ని కొత్తగా సృష్టిస్తే బయటి నుంచి లోపలికి వచ్చే దారులన్నీ మూసే ఉంటాయి. మనం రాసినవే తెరుచుకుంటాయి. వెబ్‌సైట్ కోసం 443 అందరికీ తెరవాలి, తప్పదు. పనితనం తెలిసేది ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22 దగ్గర. తొందరలో ఉన్నవాళ్లు 0.0.0.0/0 అని కొట్టేస్తారు; అంటే ఇంటర్నెట్‌లోని ప్రతి ఐపీవీ4 చిరునామాకీ తలుపు తీసినట్టే. తెలిసినవాళ్లు ఆఫీసు చిరునామా ఒక్కటే రాసి చివర /32 పెడతారు. ఆ రెండంకెల్లో ఎంత శ్రద్ధ ఉందో!

డేటాబేస్ రూల్ ఇంకా అందంగా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ 5432కి ఐపీ చిరునామాలు రాయరు. అప్లికేషన్ సర్వర్ల సెక్యూరిటీ గ్రూప్‌నే సోర్స్‌గా ఇస్తారు. రేపు సర్వర్లు 2 నుంచి 20 అయినా ఆ లైను ముట్టుకోనక్కర్లేదు.

బయటికి వెళ్లే ట్రాఫిక్ అంతటినీ అనుమతించే రూల్‌ని అమెజాన్ మామూలుగా తనే పెడుతుంది. ఇవన్నీ కోడ్‌గా రాసే టెర్రాఫామ్‌తో గ్రూప్ చేస్తే ఆ రూల్‌ని టెర్రాఫామ్ తీసేస్తుంది, కావాలంటే మనమే రాసుకోవాలి. కొత్తవాళ్లకు చిరాకు. నాకైతే భలే నచ్చుతుంది: ఏం తెరిచామో అంతా రాతలోనే ఉంటుంది.

ఎవరు, ఎప్పుడు తెరిచారో కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్ చెబుతుంది. అమలు చేసేముందు టెర్రాఫామ్ ప్లాన్ తీసి, ప్లస్, మైనస్ గుర్తులున్న ప్రతి లైనూ చదివేవాళ్లున్నారు. తాత్కాలికంగా తెరిచిన రూల్ పక్కన డిస్క్రిప్షన్‌లో ‘ఆడిట్ అయ్యాక తీసెయ్యాలి’ అని రాసుకుని, ఆడిట్ అవగానే నిజంగా తీసేస్తారు.