రోళ్ళు పగిలే రోహిణి

మే నెలాఖరు వచ్చిందంటే తెలుగునాట అందరి నోటా ఒకటే మాట: రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయి. ఇందులో ఎండ అన్న మాటే లేదు. సూర్యుడు లేడు, చెమట లేదు, దాహం లేదు. అయినా వినగానే ఒళ్ళు చుర్రుమంటుంది. ఎంత పనితనం!

ముందు కార్తె సంగతి. సూర్యుడు 27 నక్షత్రాల్లో ఒక్కోదాని దగ్గర పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు. ఆ కాలమే కార్తె. తిథుల్లా ఏటా ముందుకీ వెనక్కీ జరగదు కాబట్టి సేద్యానికి రైతు దాన్నే నమ్ముకున్నాడు. రోహిణి మే 25 ప్రాంతంలో వచ్చి జూన్ 7 దాకా ఉంటుంది. మార్చి నుంచి కాగుతున్న నేల అప్పటికి నిలువునా ఎండి ఉంటుంది. పడమటి నుంచి పొడి వడగాలి వీస్తుంది. రుతుపవనాలు ఇంకా గడప తొక్కవు. సామెత కట్టినవాడు గురి చూసి ఆ పక్షం రోజుల మీదే వేలు పెట్టాడు.

ఇక రోలు. కుండ పగిలిందంటే వింతేముంది? రోలు దెబ్బలు తినడానికే పుట్టింది. ఏళ్ళ తరబడి రోకటిపోటుకు చెక్కుచెదరనిది ఎండకు పగిలిందనడంలోనే దెబ్బంతా ఉంది. అదీ ఒక ఇంటి రోలు కాదు, రోళ్ళు! ఊరూరా, ప్రతి పెరట్లోనూ.

భరణి కురిస్తే ధరణి పండును అన్న మరో కార్తె సామెతలో రెండు మాటల తోకలు కలిశాయి. ఇక్కడ తలలు కలిశాయి: రోహిణి, రోళ్ళు. అందుకే పంచాంగం ముట్టని వాళ్ళకూ ఆ కార్తె పేరు నోట నిలిచింది.

అతిశయోక్తే, కాదనను. ఎండ ఒక్కటే మంచి రోలును చీల్చదు. కానీ ఈ మాట గాల్లోంచి ఊడిపడలేదు. రాయి వేడిని లోపలికి త్వరగా పోనివ్వదు. పైపొర వేడెక్కి వ్యాకోచిస్తుంటే లోపలి రాయి కదలదు. ఆ గుంజులాటలో ఉన్న నెర్రె పెరుగుతుంది. బండ మీద మంట పెట్టి పలకలు లేపడం దక్షిణాదిన రాళ్ళు కొట్టేవారికి తెలిసిన విద్యే.

రోలుకే ఆ గతి అయితే మనిషి ఎంత? ఆ హెచ్చరిక సామెత కడుపులోనే ఉంది. 2015 మే నెలాఖరు వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

మిక్సీలొచ్చి రోళ్ళు మూలపడినా సామెత మూలపడలేదు. మాట కట్టాలనుకునే ప్రతివారికీ ఇది పాఠం. ఎండను వర్ణించక్కర్లేదు, అది దేన్ని లొంగదీసిందో చెబితే చాలు.